మీటరు చూపేది ఒకటి, గీజరు తాగేది ఒకటి

ఈసారి విశాఖ పాఠకుల కరెంటు ప్రశ్నలు. అన్నిటికీ పనికొచ్చే లెక్క ఒక్కటే. వోల్టుల్ని ఆంపులతో భాగిస్తే ఓములు, అంటే నిరోధం వస్తుంది. రెంటినీ గుణిస్తే వాట్లు, అంటే పవర్ వస్తుంది. మొదటిదాన్ని ఓము అనే శాస్త్రవేత్త జర్మనీలో 1827లోనే అచ్చు వేయించాడు, మన పిల్లలు రెంటినీ పదో తరగతిలో చదువుతారు. తప్పు పోయేది గుణకారంలో కాదు. ఎక్కడి వోల్టు, ఎప్పటి ఆంపు అన్న దగ్గరే అందరం తప్పులో కాలేస్తాం.

ప్రశ్న: మాది 15 లీటర్ల గీజరు. చీటీ మీద 2000 వాట్లు, 230 వోల్టులు అని ఉంది. నీళ్లు సరిగ్గా కాగడం లేదని మెకానిక్‌ని పిలిస్తే ఎలిమెంటు పోయిందన్నాడు. మల్టీమీటర్‌తో చూస్తే 27.1 ఓములు చూపిస్తోంది. పోయినట్టా, ఉన్నట్టా?
– పాఠకుడు, గాజువాక

జవాబు: మీరు చెప్పిన అంకెను బట్టి ఎలిమెంటు నిక్షేపంలా ఉంది. వాట్లూ వోల్టులూ తెలిసినప్పుడు ఓములు కావాలంటే వోల్టుల్ని వోల్టులతోనే గుణించి వాట్లతో భాగించాలి. 230 × 230 = 52,900. దాన్ని 2000తో భాగిస్తే 26.45 ఓములు. ఇలాంటి హీటర్లకు చీటీ మీది వాట్ల కంటే 5 శాతం ఎక్కువ, 10 శాతం తక్కువ వరకు తేడా ఒప్పుకుంటారు. అంటే 25.2 నుంచి 29.4 ఓముల దాకా ఏది చూపినా మంచి ఎలిమెంటే.

కొలిచే ముందు ఒక పని చేయాలి. మీటరు రెండు పుల్లల్నీ ఒకదానికొకటి ఆనించి చూడండి. సున్నా చూపదు, 0.3 నుంచి 0.5 దాకా ఏదో చూపుతుంది. అది పుల్లల తీగల నిరోధం. 0.4 వచ్చిందనుకుంటే మీ ఎలిమెంటు అసలు విలువ 26.7. మీటరు పెట్టే ముందు మెయిన్ ఆపాలి, ప్లగ్ పీకాలి, ఎలిమెంటు తీగల్లో కనీసం ఒకటి విప్పాలి. కరెంటు ఉండగా ఓముల మీద పెట్టి పుల్లలు ఆనిస్తే మీటరు పోతుంది, చేతికీ ప్రమాదమే.

ఎలిమెంటు తెగితే అంకె రాదు, 'ఓఎల్' అని కనిపిస్తుంది. అప్పుడు మార్చాల్సిందే. 27 చూపుతూ కూడా నీళ్లు కాగడం లేదంటే తప్పు వేరేచోట ఉంది: థర్మోస్టాట్ ముందే ఆపేస్తుండాలి, లేదా ఎలిమెంటు గొట్టం మీద సున్నం పేరుకుని ఉండాలి, లేదా వోల్టేజి తక్కువ వస్తుండాలి. చివరిదాని గురించి మధురవాడ ప్రశ్నలో చూడండి.

ఇంకొకటీ చూడాలి. ఒక పుల్ల ఎలిమెంటు పిన్నుకు, రెండోది ట్యాంకు బాడీకి పెడితే 'ఓఎల్' రావాలి. కిలో ఓముల్లో అంకె వస్తే కరెంటు బాడీకి పాకుతున్నట్టు. మల్టీమీటర్ కొన్ని వోల్టులతోనే చూస్తుంది కాబట్టి అది 'ఓఎల్' అన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండలేం. 500 వోల్టుల మెగ్గర్‌తో (ఎక్కువ వోల్టేజి పెట్టి లీకేజి పట్టే మీటరు) చూసినప్పుడు కనీసం ఒక మెగా ఓము రావాలి. ఎలిమెంటు గొట్టంలో తీగ చుట్టూ దట్టించే తెల్లటి పొడి మెగ్నీషియం ఆక్సైడ్. అది గాలిలోని తడిని పీల్చుకుంటుంది. మన సముద్రపు గాలిలో వేసవంతా వాడకుండా ఉంచిన ఎలిమెంటు చలికాలంలో ఆర్‌సీసీబీని (కరెంటు బయటికి పాకితే లైను తెంచే స్విచ్చును) కొట్టేస్తుంటే ఇదీ ఒక కారణమే. ఆర్‌సీసీబీ కొడుతోందని దాన్ని తప్పించి తీగ కలిపే మహానుభావులున్నారు. ఆ పని మాత్రం చేయనివ్వకండి. ఎర్త్ గుంత నిరోధం 10 ఓములైతే బాడీకి తగిలిన ఫేజు నుంచి పారేది 230 ÷ 10 = 23 ఆంపులు. 16 ఆంపుల ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే పడే స్విచ్చు) అంతమాత్రానికి వెంటనే పడదు, గంట తీసుకున్నా తీసుకోవచ్చు. 30 మిల్లీ ఆంపులకే పడేది ఆర్‌సీసీబీ ఒక్కటే.

ప్రశ్న: 100 వాట్ల పాత బల్బుకు లెక్క ప్రకారం 529 ఓములు రావాలి. మీటరు 41 చూపిస్తోంది. మీటరు తప్పా, సూత్రం తప్పా?
– ఐటీఐ విద్యార్థి, కంచరపాలెం

జవాబు: రెండూ ఒప్పే. మీరు కొలిచింది చల్లటి తీగను, లెక్క వేసింది తెల్లగా కాలుతున్న తీగకు. టంగ్‌స్టన్ వేడెక్కే కొద్దీ నిరోధం పెరిగి పది పదిహేను రెట్లవుతుంది. స్విచ్ వేసిన మొదటి క్షణంలో బల్బు తాగేది 230 ÷ 41, అంటే 5.6 ఆంపులు. వెలిగాక 0.43 ఆంపు. పాత బల్బులు వెలుగుతూ కాక, స్విచ్ వేయగానే 'టప్'మని పోయేది ఇందుకే. గీజరు, ఇస్త్రీ పెట్టె ఎలిమెంట్లలో ఉండే నైక్రోమ్ అలా కాదు. ఎర్రగా కాలినా కొద్ది శాతమే మారుతుంది. అందుకే గాజువాక పాఠకుడి గీజరును చల్లగా కొలిచినా లెక్క కుదిరింది.

ప్రశ్న: సీలింగ్ ఫ్యాన్ వైండింగ్ 150 ఓములు చూపింది. 230ని 150తో భాగిస్తే 1.5 ఆంపులు, అంటే 350 వాట్లు! కానీ ఫ్యాను మీద 75 వాట్లని రాసి ఉంది. కంపెనీ మోసం చేస్తోందా?
– పాఠకురాలు, పెదవాల్తేరు

జవాబు: మోసమేమీ లేదండీ. మల్టీమీటర్ తన బ్యాటరీ కరెంటుతో, అంటే ఒకే దిక్కుగా పారే కరెంటుతో కొలుస్తుంది. ఇంట్లోది సెకనుకు 50 సార్లు అటూ ఇటూ మారే కరెంటు. చుట్టలు చుట్టిన రాగి తీగ ఆ మార్పును అడ్డుకుంటుంది. తిరిగే మోటారులో పుట్టే ఎదురు వోల్టేజి దానికి తోడు. ఈ రెండు అడ్డంకులూ మీటరు చూపిన 150లో లేవు. మోటారు, ట్రాన్స్‌ఫార్మర్, చోక్, ఇలా చుట్ట ఉన్న దేనికైనా మీటరు చూపే ఓములతో కరెంటు లెక్క కట్టకూడదు. ఫ్యాను తిరుగుతున్నప్పుడు క్లాంప్ మీటర్‌తో (తీగను నోట పట్టి కరెంటు కొలిచే మీటరు) కొలిస్తే మూడో వంతు ఆంపుకు కాస్త అటూ ఇటూ వస్తుంది.

క్లాంప్ వాడేటప్పుడు ఫేజు తీగ ఒక్కదాన్నే నోట్లో పెట్టాలి. రెండు తీగలున్న మొత్తం వైరును పట్టిస్తే వెళ్లే కరెంటూ వచ్చే కరెంటూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా చూపుతుంది. ఇంత తక్కువ కరెంటుకు క్లాంప్ సరిగ్గా పలకకపోతే, మీటరు పెట్టేందుకు చేసుకున్న విడి తీగను దాని నోటి చుట్టూ పది చుట్లు తిప్పి, వచ్చిన అంకెను పదితో భాగించండి.

అలాగని ఆ ఓముల కొలత వృథా కాదు. ఫ్యాను నుంచి వచ్చే మూడు తీగల్ని జంటలుగా కొలవండి. 150, 190 వస్తే మూడో జంట 340 రావాలి, చిన్నవి రెండూ కలిస్తే పెద్దది. కూడిక కుదరకపోతే లోపల వైండింగ్ కాలింది. కూడిక కుదిరి, ఫ్యాను మెల్లగా తిరుగుతుంటే ముందు కండెన్సర్ మార్చి చూడండి, తక్కువ ఖర్చుతో పోతుంది.

ప్రశ్న: పడవలో 12 వోల్టుల బ్యాటరీకి 60 వాట్ల హాలోజెన్ లైటు పెట్టాం. బ్యాటరీ నుంచి లైటుకు పది మీటర్లు, తీగ 1 చదరపు మిల్లీమీటరుది. వెలుగు మసగ్గా ఉంది. లైటు వెలుగుతుండగా బ్యాటరీ దగ్గర 12.4 వోల్టులు, కరెంటు 4.6 ఆంపులు. భాగిస్తే బల్బు నిరోధం 2.7 ఓములు వచ్చింది. 2.4 రావాలి కదా, బల్బు నాసిరకమా?
– పాఠకుడు, ఫిషింగ్ హార్బర్

జవాబు: మంచి ప్రశ్న. లెక్కలన్నిట్లో జరిగే పెద్ద పొరపాటు ఇందులోనే ఉంది. ఆంపులు బల్బువి, వోల్టులు బ్యాటరీవి. ఆ రెంటినీ భాగిస్తే వచ్చిన 2.7 బల్బు ఒక్కదానిది కాదు. బల్బు, పోను తీగ, రాను తీగ, ఫ్యూజు, అతుకులు అన్నీ కలిసిన నిరోధం అది. బల్బు సంగతి కావాలంటే మీటరు పుల్లలు బల్బు కాళ్ల దగ్గరే పెట్టాలి.

లైటు వెలుగుతుండగా అక్కడ కొలిచి చూడండి. మీరు చెప్పిన కరెంటుకు 10.2 వోల్టుల దగ్గర రావాలి. అంతే వచ్చిందనుకుని లెక్క పూర్తి చేద్దాం. బల్బు నిరోధం 10.2 ÷ 4.6 = 2.2 ఓములు. 2.4 కంటే తక్కువ ఉండటం సబబే, వోల్టేజి తగ్గి ఫిలమెంటు కాస్త చల్లగా కాలుతోంది కదా. బల్బు తీసుకుంటున్న పవర్ 10.2 × 4.6 = 47 వాట్లు. దారిలో పోయిన 2.2 వోల్టుల్ని 4.6తో భాగిస్తే 0.48 ఓము. పది వాట్లు దారి ఖర్చు కింద పోతున్నాయి.

ఆ 0.48 ఎక్కడిది? 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగ మీటరుకు 0.018 ఓము. పది మీటర్లంటే పోనూ రానూ ఇరవై (చాలామంది ఇక్కడ సగమే లెక్క వేస్తారు). 20 × 0.018 = 0.36. మిగిలిన 0.12 ఓము అతుకుల్లోనూ ఫ్యూజు గూట్లోనూ దాక్కుని ఉంది. పట్టుకోవడం తేలికే. మీటరును వోల్టుల మీద ఉంచి, లైటు వెలుగుతుండగా ఫ్యూజు గూటికి ఈ చివరా ఆ చివరా పుల్లలు పెట్టండి. అర వోల్టు చూపిందంటే 0.5 ÷ 4.6, ఇంచుమించు 0.11 ఓము. దొంగ దొరికినట్టే. విప్పి చూస్తే ఇత్తడి మీద పచ్చటి చిలుము కనిపిస్తుంది.

చేయాల్సింది: తీగ 4 చదరపు మిల్లీమీటర్లది వేయండి. ఇరవై మీటర్లకు 0.09 ఓము, 5 ఆంపుల దగ్గర అర వోల్టులోపే పోతుంది. ఉప్పుగాలికి తగరం పూత ఉన్న రాగి తీగైతే ఎక్కువ కాలం ఆగుతుంది. చేత్తో మెలేసిన అతుకులు వద్దు, లగ్గులు (తీగ చివర తొడిగే లోహపు కొనలు) వేసి క్రింప్ చేసి, అంటే నొక్కి బిగించి, పైన జిగురున్న స్లీవు ఎక్కించండి. ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి, 10 ఆంపులది చాలు. వోల్టేజి 15 శాతం పడితే హాలోజెన్ వెలుగు 15 శాతమే తగ్గుతుందనుకోకండి, దాదాపు సగానికి వస్తుంది. మీ మసకకు కారణం అదే, బల్బు తప్పేం లేదు. ఇంకో మాట, పడవలో కొలిచేందుకు నేరు కరెంటు (ఒకే దిక్కుగా పారే డీసీ) కొలిచే క్లాంప్ కావాలి. ఇళ్లలో వాడే మామూలు క్లాంప్ బ్యాటరీ కరెంటుకు పలకదు.

ప్రశ్న: బీచ్‌కు దగ్గర్లో ఇల్లు. గీజరు ప్లగ్ పెట్టే 16 ఆంపుల సాకెట్టు ఏడాదికోసారి గోధుమ రంగుకు మారి కాలిపోతోంది. గీజరు 2000 వాట్లే, 8.7 ఆంపులే తీసుకుంటోంది. ఎంసీబీ ఒక్కసారి కూడా పడలేదు. ఎందుకిలా?
– పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: ఎంసీబీ పడకపోవడంలో వింతేమీ లేదు, కరెంటు ఎక్కువైతే కదా పడటానికి. మీ దగ్గర ఎక్కువైంది కరెంటు కాదు, ఒక చిన్న చోట నిరోధం.

వేడి ఎంతో తెలియాలంటే ఆంపుల్ని ఆంపులతో గుణించి ఆ చోటి ఓములతో గుణించాలి. 8.7 × 8.7 = 76. పిన్ను సాకెట్టులో బిగువుగా కూర్చున్నప్పుడు ఆ అతుకు నిరోధం 0.005 ఓము అనుకుందాం, వేడి అర వాటుకు లోపే. సాకెట్టు లోపలి ఇత్తడి రేకు సాగి వదులై, పైన ఉప్పు తేమకు పొర పట్టి అదే 0.3 ఓము అయిందనుకోండి. 76 × 0.3 = 23 వాట్లు. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ మొన తెచ్చి ప్లాస్టిక్ సాకెట్టులో గుచ్చి వదిలేసినట్టు. గీజరుకు ఆ తేడా ఏమాత్రం తెలియదు. 230లో 2.6 వోల్టులే పోయాయి, నీళ్లు ఎప్పటిలాగే కాగుతాయి. ప్లగ్ పీకి మల్టీమీటర్‌తో చూసినా దొరకదు, ఎందుకంటే మీటరు పుల్లల నిరోధమే అంత ఉంటుంది.

వేడికి ఇత్తడి రేకు స్ప్రింగు గుణం పోతుంది. పట్టు సడలుతుంది, పొర దట్టమవుతుంది, నిరోధం పెరుగుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. మొదలైందంటే తనంతట తాను ఆగదు.

మీరు ఏటా సాకెట్టే మార్పిస్తున్నట్టున్నారు. ప్లగ్ టాప్ కూడా మార్చాలి. పాత ప్లగ్ పిన్ను వేలితో తడిమి చూడండి, నల్లటి గరుకు మచ్చ తగులుతుంది. ఆ మచ్చే కొత్త సాకెట్టును మొదటి రోజు నుంచీ వేడెక్కిస్తోంది. గోడలోంచి వచ్చే తీగ చివర నల్లబడి ఉంటే రాగి మెరిసే దాకా వెనక్కి కోయించండి. నల్లటి తీగను అలాగే స్క్రూ కింద పెట్టి ఎంత బిగించినా లాభం లేదు. పీచు తీగ చివరకు సీసం పెట్టి బిగించే అలవాటు కొందరికుంది, చూడ్డానికి బాగుంటుంది గానీ వేడికి సీసం మెత్తబడి స్క్రూ వదులైపోతుంది. క్రింప్ పిన్ను వేయించండి. బిగించాక తీగను గట్టిగా లాగి చూడాలి.

కొత్తది పెట్టాక ఎలక్ట్రీషియన్ చేత ఒక పరీక్ష చేయించవచ్చు. గీజరు నడుస్తుండగా, సాకెట్టు వెనక ఫేజు స్క్రూకూ ప్లగ్‌లోని ఫేజు స్క్రూకూ మధ్య మిల్లీవోల్టులు కొలవాలి. 0.005 ఓముకు 44 మిల్లీవోల్టులు రావాలి. వందలు చూపితే ఆ రోజే మళ్లీ విప్పించండి. ఇది నడిచే లైను మీద పని కాబట్టి ఇంట్లోవాళ్లు చేయొద్దు. మీరు చేయగలిగింది, పావుగంట నడిచాక ప్లగ్ వీపు మీద మండచెయ్యి ఆనించి చూడటం. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి పెట్టలేనంత ఉంటే ఆపేయండి.

గోడలోని తీగ కూడా 1 చదరపు మిల్లీమీటరుదేనా అని చూడండి. పదిహేను మీటర్ల దూరానికి అందులో ఖర్చయ్యేది 41 వాట్లు. సాకెట్టు కంటే ఎక్కువే గానీ ముప్పై మీటర్ల పొడవునా పంచుకుంటుంది కాబట్టి కాలదు, వెచ్చబడుతుంది. అయినా గీజరుకు 2.5 చదరపు మిల్లీమీటర్లే సరైనది.

ప్రశ్న: సాయంత్రాలు మాకు 200 వోల్టులే వస్తోంది. వోల్టేజి తగ్గితే కరెంటు తగ్గాలి కదా, మరి ఫ్రిజ్‌కు ప్రమాదమని స్టెబిలైజర్ ఎందుకు పెట్టమంటారు?
– పాఠకుడు, మధురవాడ

జవాబు: గీజరు, ఇస్త్రీ పెట్టె వంటి వాటికి మీ మాట నిజం. 26.45 ఓముల గీజరు 200 వోల్టుల దగ్గర 7.6 ఆంపులే తీసుకుంటుంది. పవర్ మాత్రం 1,512 వాట్లకు పడిపోతుంది. వోల్టేజి 13 శాతం తగ్గితే పవర్ 24 శాతం తగ్గినట్టు. 15 లీటర్ల నీళ్లను 25 నుంచి 55 డిగ్రీలకు కాచేందుకు పూర్తి వోల్టేజికి 16 నిమిషాలైతే, 200కి 21 నిమిషాలు. ఆలస్యం తప్ప నష్టం లేదు.

కంప్రెసర్ అలా ఊరుకోదు. తోయాల్సిన గ్యాసు బరువు తగ్గదు కాబట్టి, తగ్గిన వోల్టేజిని ఎక్కువ కరెంటుతో భర్తీ చేసుకుంటుంది, వైండింగ్ వేడెక్కుతుంది. బయల్దేరడం ఇంకా కష్టం. మోటారు తిరిగే బలం వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. 180 వోల్టుల దగ్గర అది 61 శాతమే. తిరగలేక మూలుగుతూ నిలబడిన మోటారే కాలిపోతుంది. మన ఇళ్లలో 'కరెంటు తక్కువగా వస్తోంది' అంటారే, ఫ్రిజ్ విషయంలో జరిగేది సరిగ్గా అందుకు తిరగబడినది.

ప్రశ్న: క్లాంప్ మీటరూ అదీ లేకుండా, ఏదీ విప్పకుండా ఇంట్లో ఒక వస్తువు నిజంగా ఎన్ని వాట్లు తాగుతోందో తెలుసుకునే దారి ఉందా?
– పాఠకుడు, షీలానగర్

జవాబు: ఉంది, మీ గోడ మీది కరెంటు మీటరే. దాని మీద ఎర్ర లైటు మిణుకుతుంటుంది, పక్కనే యూనిట్‌కు ఎన్ని మిణుకులో రాసి ఉంటుంది. 3200 అని ఉంటే ఒక మిణుకు 1,125 జౌళ్లు (ఒక వాటు ఒక సెకను నడిస్తే ఒక జౌలు). ఇల్లంతా ఆపి ఆ వస్తువొక్కటే నడపండి. పది మిణుకులకు పట్టిన సెకన్లతో 11,250ని భాగిస్తే వాట్లు వస్తాయి. మీటరు మీద 1600 అని ఉంటే 22,500ని భాగించాలి. మొదటి మిణుకును 'ఒకటి' అనకండి, 'సున్నా' అని ఫోను గడియారం నొక్కండి. లేకపోతే తొమ్మిది వ్యవధులు కొలిచి పది అనుకుంటారు, లెక్క 11 శాతం పైకి పోతుంది. పెద్ద లోడుకు మిణుకులు వేగంగా వస్తాయి, ఇరవై లెక్కపెట్టడం మేలు.

3200 మీటరు మీద గీజరు నడుస్తుండగా ఇరవై మిణుకులకు 11.7 సెకన్లు పట్టాయనుకోండి: 20 × 1,125 = 22,500, దాన్ని 11.7తో భాగిస్తే సుమారు 1,920 వాట్లు. అదే సమయంలో సాకెట్టు దగ్గర 225 వోల్టులుంటే 225 × 225 ÷ 1,920 = 26.4 ఓములు. ఎలిమెంటును ముట్టుకోకుండానే, అది వేడిగా పనిచేస్తున్నప్పటి నిరోధం చేతికొచ్చింది. అన్నీ ఆపేసినా 75 సెకన్లకొకసారి మిణుకు వస్తోందంటే ఎక్కడో 15 వాట్లు నడుస్తున్నాయి. ముందు సెట్ టాప్ బాక్సు ప్లగ్ పీకి చూడండి.